మేకపోతు కప్పు నుంచి ప్రపంచ కప్పు దాకా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో ఉన్న అక్కలకు, అన్నలకు, ముఖ్యంగా వెనక జంపఖానా మీద కూర్చున్న హాస్టల్ పిల్లలకు జోహార్.

జోహార్ అనగానే కొందరు ఉలిక్కిపడి చూశారు. మన తెలుగు సభల్లో ఈ మాట అమరులకే చెప్పడం అలవాటైపోయింది. జార్ఖండ్‌లో మాత్రం పొద్దున లేచి ఎదురైన మనిషికి జోహార్ అంటారు. బతికున్న వాళ్లను పలకరించే మాట అది. ఈ రోజు మేము మాట్లాడబోయేది ఆ నేల పిల్లల గురించి కాబట్టి వాళ్ల పలకరింపుతోనే మొదలుపెట్టాం.

ఈ ప్రసంగాన్ని మేము నలుగురం కలిసి రాసుకున్నాం. నలుగురం ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల చేత ఆటలాడించిన వాళ్లమే. చదివేది ఒకరే అయినా, తప్పులుంటే నలుగురివీ అనుకోండి.

2022 ఏప్రిల్ 12న ఒంటిపూట బడి అయ్యాక మా హాస్టల్ వరండాలో పాతికమంది ఆడపిల్లలు ఒక్క ఫోన్ చుట్టూ మూగారు. నీళ్ల బకెట్‌కు ఫోన్ ఆనించి పెట్టాం. సిగ్నల్ వచ్చినప్పుడు బొమ్మ కదిలేది, పోయినప్పుడు బంతి గాల్లోనే ఆగిపోయేది. ఆ రోజు దక్షిణాఫ్రికాలోని పొచెఫ్‌స్ట్రూమ్ అనే ఊళ్లో జూనియర్ మహిళల హాకీ ప్రపంచ కప్పులో మూడో స్థానం కోసం భారత్, ఇంగ్లండ్ ఆడుతున్నాయి. మా పిల్లల్లో సగం మందికి హాకీ నియమాలు తెలియవు. అయినా ఎందుకు కూర్చున్నారంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర మేము ఒక మాట చెప్పాం: "ఆ జట్టు కెప్టెన్ మనలాంటి గూడెం పిల్లే. ఆమె వాళ్లింట్లో మ్యాచ్ చూడటానికి టీవీ కూడా లేదని పేపర్లో వచ్చింది."

ఆ కెప్టెన్ పేరు సలీమా టెటె. అప్పటికి ఇరవై ఏళ్లు. జార్ఖండ్‌లో సిమ్డేగా జిల్లా, బడ్కీఛాపర్ గ్రామం. నాన్న రైతు, ఆయనా ఊళ్లో హాకీ ఆడినవాడే.

ముందు ఆ పోటీ ఏమిటో కొంచెం చెప్పాలి. ఇరవై ఒక్క ఏళ్ల లోపు అమ్మాయిలు ఆడే ప్రపంచ కప్పు ఇది. మొదటిసారి 1989లో కెనడాలోని ఒట్టావాలో జరిగింది. చాలాకాలం నాలుగేళ్లకోసారి జరిగేది, ఈ మధ్య రెండేళ్లకోసారి జరుపుతున్నారు. పొచెఫ్‌స్ట్రూమ్ పోటీలు 2021 డిసెంబర్‌లో జరగాల్సినవే. కరోనాలో ఒమిక్రాన్ రకం రావడంతో ఆగిపోయి 2022 ఏప్రిల్‌కు వెళ్లాయి. బ్యాగులు సర్దుకున్న పిల్లలు మళ్లీ నాలుగు నెలలు ప్రాక్టీసు చేస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఎదురుచూపు ఎంత కష్టమో పరీక్షలు వాయిదాపడిన బ్యాచ్ పిల్లలు మీరే చెప్పాలి.

మన జట్టు మొదటి మ్యాచ్‌లో వేల్స్ మీద 5-1తో గెలిచింది. మర్నాడే జర్మనీ. మహిళల హాకీలో జర్మనీ అంటే పెద్ద పేరు. ఆ మ్యాచ్‌లో లాల్‌రెమ్‌సియామి ఒక గోల్, ముంతాజ్ ఖాన్ ఒక గోల్ కొట్టారు. ఆ తర్వాత జర్మనీ దాడి మీద దాడి చేస్తుంటే గోల్‌కీపర్ బిచ్చు దేవి గోడలా నిలబడింది. 2-1తో మనదే గెలుపు. తర్వాత మలేషియా మీద 4-0, అందులో మూడు ముంతాజ్‌వే. క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 3-0. ఈ కొరియా తక్కువదేమీ కాదు, ఈ కప్పును 2001, 2005ల్లో వరసగా రెండుసార్లు ఎత్తుకుపోయిన దేశం. సెమీస్‌లో నెదర్లాండ్స్ చేతిలో 0-3తో ఓడిపోయాం. ఆ తర్వాత కప్పు కూడా వాళ్లదే.

ఇక మిగిలింది కాంస్యం. ఇంగ్లండ్ మొదట గోల్ కొట్టింది. మూడు నిమిషాల్లో ముంతాజ్ సమం చేసింది. 47వ నిమిషంలో మళ్లీ ముంతాజే కొట్టి మనల్ని 2-1 ముందుకు తీసుకెళ్లింది. ఆ పోటీల్లో ఆమె కొట్టిన గోల్స్ మొత్తం ఎనిమిది. హాకీ మ్యాచ్ అరవై నిమిషాలు. గడియారం 58కి వచ్చేసరికి మా వరండాలో పిల్లలు లేచి నిలబడ్డారు, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్ రెండో గోల్ కొట్టింది. రెండు నిమిషాలు ఓపిక పడితే పతకం అనుకున్నది చేజారి 2-2 అయింది.

ఆ తర్వాత షూటౌట్. ఇది తెలియని వాళ్ల కోసం చెబుతున్నాం. గోల్‌కు ఇరవై మూడు మీటర్ల దూరంలో ఒక గీత ఉంటుంది. ఒక్క ఆటగత్తె బంతితో అక్కడి నుంచి బయలుదేరాలి. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే. చేతిలో ఉన్నది ఎనిమిది సెకన్లు. ఆ లోపల బంతిని లోపలికి పంపాలి, లేకపోతే ఈల ఊదుతారు. ఒక్కో జట్టుకు ఐదేసి అవకాశాలు. ఇంట్లో గడియారం ముందు కూర్చుని ఎనిమిది సెకన్లు లెక్కపెట్టి చూడండి. మామూలుగా ఇట్టే గడిచిపోతాయి. గోల్‌కీపర్ ముందుకు ఉరికి వస్తుంటే అవే చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ రోజు ఇంగ్లండ్ మూడు వేసింది. మన వాళ్లు ఒక్కటీ వేయలేకపోయారు. నాలుగో స్థానం.

మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "సార్, అయితే వాళ్లకు ఏమీ ఇవ్వరా?" ఇవ్వరమ్మా అన్నాం. నాలుగో స్థానానికి పతకం లేదు. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు, పళ్లెం కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఆమెకు సరైన జవాబు చెప్పలేదన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది. ఈ ప్రసంగం ఒకరకంగా ఆ పిల్లకు ఆలస్యంగా చెబుతున్న జవాబే.

ఆ జట్టు పేర్లు ఒకసారి వినండి. సలీమా టెటె, బ్యూటీ డుంగ్‌డుంగ్, సంగీతా కుమారి, ఈ ముగ్గురిదీ సిమ్డేగా జిల్లానే. కొరియా మీద మూడు గోల్స్‌లో ఒకటి సంగీతది. ఒడిశా నుంచి జీవన్ కిశోరీ టొప్పో, అజ్మీనా కుజూర్. మిజోరం కొండల నుంచి లాల్‌రెమ్‌సియామి, లాల్‌రిన్‌డికి, మరీనా. మణిపూర్ నుంచి బిచ్చు దేవి. దేశమంతటి నుంచీ ఏరిన ఇరవై మందిలో ఒకే ఒక్క చిన్న జిల్లా నుంచి ముగ్గురు! సిమ్డేగా ఎక్కడుందో మ్యాపులో వెతకండి, రాంచీ నుంచి ఇంకా కిందికి, ఒడిశా సరిహద్దు దాకా రావాలి.

ఈ ఇంటిపేర్లు మనకు కొత్తగా వినిపిస్తాయి. కానీ అవి మన పద్ధతివే. ఉరావ్ తెగలో ఎక్కా అంటే తాబేలు, మింజ్ అంటే ఒక రకం చేప. ఖడియా తెగలో డుంగ్‌డుంగ్ అంటే పాము లాంటి పొడుగాటి చేప. ఏ గోత్రం వాళ్లు ఆ ప్రాణిని చంపరు, తినరు. మన గూడేల్లో మీ గట్టు ఏది, మీ వేల్పు ఏది అని ముసలమ్మలు అడగరూ? అదే ఇది. భాష సంగతి ఇంకా విచిత్రం. ఉరావ్‌లు మాట్లాడే కుడుఖ్ భాష మన కోయ, గోండి, కువి మాటలతో పాటు ద్రావిడ కుటుంబంలోది, అంటే తెలుగుకూ చుట్టమే. ఖడియా భాష ముండా కుటుంబంలోది. మన సీతంపేట, భామిని వైపు సవరలు ఇంట్లో మాట్లాడే మాట కూడా ఆ కుటుంబంలోదే. ఒకే అవ్వ కడుపున పుట్టిన రెండు మాటల్లో ఒకటి సిమ్డేగా చేరి ప్రపంచ కప్పులో కేకలు వేసింది, ఒకటి మన కొండల్లో ఉంది. కాబట్టి ఆ అమ్మాయిల గురించి "మన వాళ్లు" అంటే అది ఉత్త సభా మర్యాద కాదు.

ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ఇలాంటి పిల్లలు గెలవగానే వచ్చే పొగడ్త ఒకటుంది: "అడవి బిడ్డలు కదా, పరుగు వాళ్ల రక్తంలోనే ఉంది." వినడానికి బాగుంటుంది. మాకు మాత్రం చిరాకు. రక్తంలోనే ఉంటే మన పిల్లల్లో కూడా ఉండాలి కదా? మన కొండలు కొండలు కావా? పోలవరం నుంచి ఆసిఫాబాద్ దాకా, పాడేరు నుంచి ఉట్నూరు దాకా ఇన్ని గూడేలున్నాయి. మరి జూనియర్ ప్రపంచ కప్పు జట్టులో మన ఏజెన్సీ పిల్ల పేరు ఎందుకు కనబడదు? రక్తం అన్నారంటే ఆ పిల్ల తెల్లవారుజామున లేచి చేసిన సాధనను మింగేసినట్టే. ఆమెకు కర్ర పట్టుకోవడం నేర్పిన మనిషినీ, ఆమె లేనప్పుడు పొలంలో ఆమె వంతు పని చేసిన ఇంటివాళ్లనూ లెక్కలోంచి తీసేసినట్టే.

సిమ్డేగాలో, పక్కనే ఒడిశాలోని సుందర్‌గఢ్‌లో ఉన్నది ఆట వాతావరణం. అది ఒక్కరోజులో రాలేదు. వందేళ్ల పైమాటే. ఛోటానాగపూర్ ప్రాంతానికి మిషనరీ బడులు వచ్చాయి, బడులతో పాటు హాకీ వచ్చింది. ఖూంటీ దగ్గర ఒక ఊళ్లో పుట్టిన ముండా పిల్లాడు జైపాల్ సింగ్ అలా చదువుకుని ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మన దేశానికి హాకీలో మొదటి బంగారు పతకం ఆ జట్టుదే. ఆయనే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల తరఫున మాట్లాడాడు. జైపాల్ సింగ్ ముండా ఫొటో మన సంఘం క్యాలెండర్‌లో ఉంది, చాలామంది గమనించి ఉండరు. ఆయన తర్వాత అదే దారిలో మైఖేల్ కిండో 1975లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు, సిల్వానస్ డుంగ్‌డుంగ్ 1980 మాస్కో ఒలింపిక్స్ బంగారు జట్టులో ఆడాడు. సుందర్‌గఢ్ నుంచి దిలీప్ తిర్కీ దేశానికి కెప్టెన్ అయ్యాడు, ఇప్పుడు హాకీ ఇండియా అధ్యక్షుడు. ఆడవాళ్లలో సుమ్రాయ్ టెటె, అసుంతా లక్డా కెప్టెన్లు అయ్యారు. అంటే సలీమా పుట్టేనాటికే ఆమె ఇంటిపేరుతో ఒక ఆడమనిషి దేశం తరఫున ఆడుతోంది. చిన్నపిల్లకు ఇంతకంటే పెద్ద పాఠం పుస్తకంలో ఉంటుందా?

ఆ ఊళ్లలో ఖస్సీ పోటీలని జరుగుతాయి. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకు మేకపోతు ఇస్తారు. కొన్నిచోట్ల కోడి ఇస్తారు. జట్టంతా కలిసి వండుకు తింటారు, ఊరుకూ పెడతారు. కప్పు అయితే బీరువా మీద దుమ్ము పడుతుంది, మేకపోతు అయితే అందరి కడుపులోకీ పోతుంది. అందుకే ఊరంతా చూడటానికి వస్తుంది. ఆడపిల్లలు ఆడినా వస్తుంది. మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. వెదురుతోనో, వంగిన కొమ్మతోనో కర్ర చేసుకుని, కోతలయ్యాక ఖాళీ మళ్లలో ఆడిన పిల్ల మీద పదిమంది కళ్లు పడతాయి. పక్క ఊరి మాస్టారు చూస్తాడు. జిల్లా కేంద్రంలో ఉండి ఆడే శిక్షణ కేంద్రానికి పంపుతాడు. అక్కడ తిండి, కర్ర, బూట్లు, కోచ్ ఉంటాయి. సుందర్‌గఢ్ పిల్లలకైతే రూర్కెలాలో పాన్‌పోష్ క్రీడా హాస్టల్ ఉంది, ఎంతమంది అంతర్జాతీయ ఆటగాళ్లు అందులోంచి వచ్చారో చెప్పుకుంటూ పోతే పూట గడుస్తుంది. 2021 మార్చిలో జాతీయ సబ్ జూనియర్ మహిళల హాకీ పోటీలనే సిమ్డేగాలో జరిపారు. దేశం ఆ జిల్లాకు వెళ్లింది, ఆ జిల్లా పిల్లలు గట్ల మీద కూర్చుని చూశారు.

అయినా ఆ దారి ఏమీ పూలబాట కాదు. మన అమ్మాయిలు 2013లో జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో ఇదే జూనియర్ ప్రపంచ కప్పులో కాంస్యం గెలిచారు. అప్పుడూ ఎదురుగా ఇంగ్లండే, అప్పుడూ షూటౌటే. 1-1తో ఆగి, షూటౌట్‌లో 3-2తో మనం గెలిచాం. గోల్‌లో నిలబడింది పశ్చిమ సింగ్‌భూమ్ పిల్ల బిగన్ సోయ్. ఆ జట్టులో సుందర్‌గఢ్ నుంచి దీప్ గ్రేస్ ఎక్కా, నమితా టొప్పో ఉన్నారు. ఇంత గెలిచాక ఏమైంది? తర్వాతి ప్రపంచ కప్పు 2016లో చిలీలో జరిగితే మన జట్టు అర్హతే సాధించలేదు. ఒక తరం గెలిచినంత మాత్రాన వెనక తరం దానంతట అదే తయారుకాదు. అందుకే 2022లో వెళ్లిన జట్టు తొమ్మిదేళ్ల తర్వాత వెళ్లిన జట్టు. నాలుగో స్థానం అన్నప్పుడు ఇది కూడా కలుపుకుని చూడాలి.

ఇంకో సంగతి. పొచెఫ్‌స్ట్రూమ్‌కు ఎనిమిది నెలల ముందు, 2021 ఆగస్టు 6న, టోక్యో ఒలింపిక్స్‌లో మన సీనియర్ జట్టు కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆడి 3-4తో ఓడింది. ఆ జట్టులో సలీమా ఉంది, లాల్‌రెమ్‌సియామి ఉంది. ఏడాది తిరగకుండా రెండుసార్లు నాలుగో స్థానం, రెండుసార్లూ కాంస్యం ముంగిట్లోంచి వెనక్కి. మనమైతే ఏమనుకుంటాం? మా కర్మ ఇంతే అనుకుంటాం. ఇంట్లో వాళ్లు పెళ్లి సంబంధం చూస్తాం అంటారు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, 2022 ఆగస్టులో, బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడలు. మన సీనియర్ జట్టులో సలీమా, లాల్‌రెమ్‌సియామి, సంగీత ఉన్నారు. రెండో గోల్‌కీపర్‌గా మన చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమార్పు రజని కూడా ఉంది, రియో ఒలింపిక్స్‌కు వెళ్లివచ్చిన మనిషి. సెమీస్‌లో ఆస్ట్రేలియాతో షూటౌట్. ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని మన గోల్‌కీపర్ సవిత ఆపేసింది. అప్పుడు గడియారం మొదలవలేదని చెప్పి మళ్లీ ఆడించారు! రెండోసారి గోల్ అయింది. మన పిల్లల మనసు విరిగింది, ఓడిపోయారు. అంతర్జాతీయ హాకీ సంఘం తర్వాత క్షమాపణ చెప్పింది. క్షమాపణతో స్కోరు మారదు కదా. రెండు రోజులకు కాంస్యం కోసం న్యూజిలాండ్‌తో ఆట. మొదటి గోల్ కొట్టింది సలీమా. 1-0. ఇక అరనిమిషం కూడా లేదనగా న్యూజిలాండ్ సమం చేసింది. అచ్చం పొచెఫ్‌స్ట్రూమ్ లాగే చివర్లో గోల్, మళ్లీ షూటౌట్. అదే ఎనిమిది సెకన్ల గడియారం.

ఈసారి 2-1తో గెలిచారు. కాంస్యం మెడలో పడింది.

వరండాలో పళ్లెం కడుక్కోవడానికి వెళ్లిపోయిన ఆ పిల్లకు మేము చెప్పాల్సింది ఇది. నాలుగో స్థానానికి ఏమీ ఇవ్వరు, నిజమే. కానీ ఆ మ్యాచ్‌లో ఉన్నవాళ్లలో కొందరు నాలుగు నెలల్లో అదే గొయ్యి దగ్గర మళ్లీ నిలబడి దాటారు. సలీమా 2024లో సీనియర్ జట్టు కెప్టెన్ అయింది. ఆ నవంబర్‌లో బిహార్‌లోని రాజ్‌గీర్‌లో ఆమె జట్టు చైనాను ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. అర్జున అవార్డు కూడా వచ్చింది. జూనియర్ జట్టు కూడా ఆగలేదు. 2023లో జపాన్‌లో కొరియాను ఓడించి మొదటిసారి జూనియర్ ఆసియా కప్పు తెచ్చింది. 2024 డిసెంబర్‌లో మస్కట్‌లో చైనా మీద షూటౌట్‌లో గెలిచి దాన్ని నిలుపుకుంది. మధ్యలో 2023 చిలీ ప్రపంచ కప్పులో తొమ్మిదో స్థానానికి దిగిపోయింది కూడా. ఎక్కడం, దిగడం రెండూ ఉన్నాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఇది మాట్లాడటానికి మాకు కొంచెం మొహమాటంగా ఉంది, ఎందుకంటే మా తప్పు కూడా ఉంది.

మేము పనిచేసిన ఒక హాస్టల్లో, పేరు ఎందుకు లెండి, ఆడపిల్లల ఆటస్థలంలో ప్రహరీ గోడ కోసమని ఇసుక, కంకర పోశారు. గోడ లేవలేదు, కంకరా కదలలేదు. మూడేళ్లు ఆ పిల్లలు ఆటల పీరియడ్‌లో వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచారు. మేము రెండుసార్లు అర్జీ రాశాం, తర్వాత మానేశాం. మగపిల్లల వైపు వాలీబాల్ నెట్ ఎప్పుడూ కట్టే ఉండేది. ఆ మూడేళ్లలో తొమ్మిది, పది తరగతులు దాటిపోయిన పిల్లల్లో ఎవరు ఏమయ్యేవారో మనకు తెలిసే దారి లేదు. బాగా పరుగెత్తే పిల్ల ఒకతె ఉండేది, సంతలో ఒకసారి కనబడింది, చంకలో బిడ్డ. "నమస్తే సార్" అని నవ్వింది. మేమూ నవ్వాం. ఏం మాట్లాడాలో తోచలేదు.

మనకు ఏమీ లేదని కాదు. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం క్రీడా పాఠశాల ఉంది. కబడ్డీలో, ఖోఖోలో, విలువిద్యలో మన పిల్లలు రాష్ట్ర జట్ల దాకా వెళ్తున్నారు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెది గురుకుల హాస్టలే. కానీ ఒక్కొక్కరు వెళ్లడం వేరు, ఒక జిల్లా మొత్తం ఒక ఆటను తన పండుగ చేసుకోవడం వేరు. హాకీకి పచ్చటి కృత్రిమ టర్ఫ్ కావాలి, దాని మీద నీళ్లు కొట్టాలి, కోట్ల ఖర్చు, మనకెక్కడిది అని ఒక అన్న ఇందాక టీ దగ్గర అన్నాడు. నిజమే అన్నా, పెద్ద పోటీలకు టర్ఫ్ కావాలి. కానీ సిమ్డేగా పిల్లలు టర్ఫ్ మీద పుట్టలేదు. మొదట ఊరి మైదానం, తర్వాత టర్ఫ్. మనం మైదానమే ఇవ్వకుండా టర్ఫ్ లేదంటున్నాం.

హాకీయే ఆడాలని కూడా మేము పట్టుబట్టం. కబడ్డీ అయినా సరే, ఖోఖో అయినా సరే. మాకు కావాల్సింది ఆడపిల్ల ఆడుతుంటే ఊరు వచ్చి చూడటం. సంక్రాంతికి మన గూడేల్లో మగపిల్లలకు క్రికెట్, వాలీబాల్ పోటీలు పెడతాం, మైకులు కడతాం, ఎమ్మెల్యేని పిలుస్తాం. ఆడపిల్లలకు? ముగ్గుల పోటీ. ముగ్గులు వద్దనడం లేదు. ముగ్గు వేసిన చేతులకు మధ్యాహ్నం ఖాళీయే కదా అంటున్నాం.

కాబట్టి మేము నలుగురం సంఘం కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాం, నిన్న రాత్రి ఒప్పుకున్నారు. వచ్చే సంక్రాంతికి ఆడపిల్లల కబడ్డీ, హాకీ పోటీలు. హాకీ కర్రలు పదహారు కొంటున్నాం, కొత్తవి కాదు, నగరంలో ఒక క్లబ్ పాతవి ఇస్తామంది. మిగతావి వెదురుతో చేసుకుందాం, చేయడం వచ్చిన తాతలు ఈ సభలోనే ఇద్దరున్నారు, చేతులెత్తించం, సిగ్గుపడతారు. జట్టుకు ఏడుగురు చాలు. పెళ్లయిన అక్కలు కూడా ఆడవచ్చు, చంటిబిడ్డ ఉన్నా సరే, బిడ్డను ఎత్తుకోవడానికి మేము నలుగురం ఉన్నాం. సంతలో కనబడిన ఆ చెల్లెలికి కబురు పంపాం.

బహుమతి మేకపోతు. రెండో స్థానానికి రెండు కోళ్లు. మూడు, నాలుగు స్థానాలకు చెరో కోడి. నాలుగో స్థానానికి ఎందుకని కమిటీలో ఒకాయన అడిగాడు. మాకు ఒకరికి బాకీ ఉంది అన్నాం.

పేర్లు రాసుకునే పుస్తకం వేదిక కింద, తాగునీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టాం. భోజనాలకు వెళ్లేటప్పుడు రాయండి. జట్టు పేరుగా మీ గోత్రం పేరు పెట్టుకున్నా సరే, ఊరి పేరు పెట్టుకున్నా సరే.

జోహార్.